రాయి సహజం... వెయ్యి అడుగుల బోరు సహజమా?

‘అది ఇక్కడి నేల స్వభావం’. ఈ ఒక్క మాటతో మన నోళ్లు మూయించడం అధికారులకు బాగా అలవాటైపోయింది. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుందంటే నేల స్వభావం. బడిలో పిల్లలు నవ్వడానికి సిగ్గుపడి గారపళ్లను చేత్తో కప్పుకుంటున్నారంటే నేల స్వభావం. గ్రానైట్ ఉన్నచోట నీళ్లలోకి యురేనియం దిగుతుందంట, మా ఊరి బోరు ఒకసారి చూడండయ్యా అంటే అదీ నేల స్వభావమే! ఎవరి తప్పూ లేదు. ఎవరి బాధ్యతా లేదు. తప్పు చేసింది నేల, శిక్ష పడేది ఆ నేల మీద పుట్టినందుకు మనకు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో ప్రచారం నడుస్తోంది. సీమ రాళ్లలో రేడియేషన్ ఉంది కాబట్టి సీమంతా క్యాన్సర్లేనని సెల్‌ఫోన్లలో తిరిగే మాటలు. కొలత లేదు, ఆధారం లేదు, భయం మాత్రం బారెడు. ‘ఏమీ కాదు’ అనేవాడూ, ‘అందరూ పోతారు’ అనేవాడూ ఒకే పని చేస్తున్నారు. మొదటివాణ్ని నమ్మితే అడగాల్సింది ఏమీ ఉండదు. రెండోవాణ్ని నమ్మితే అడిగి లాభం ఉండదు. ఎట్లా చూసినా మనం నోరెత్తకుండా కూర్చోవడమే జరుగుతుంది.

అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి విప్పి చెప్పదలచుకున్నాం. పుట్టపర్తి చుట్టూ ఉన్న బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ, ఓబుళదేవరచెరువు, ఆమడగూరు పల్లెల్లో చదువుకునే విద్యార్థులు, అక్కడి బళ్లలో, ఆఫీసుల్లో పనిచేసే ఉద్యోగులు దీన్ని చదివి ఊర్లో నలుగురికీ చెప్పాలని కోరుతున్నాం.

కాళ్ల కింద ఉన్నదేమిటి?

మనం నిలబడింది కోట్లాది సంవత్సరాల కిందట గట్టిపడిన గ్రానైట్, నైస్ రాళ్ల మీద. పుట్టపర్తి చుట్టూ కనిపించే గుండ్ల గుట్టలు, పెనుకొండ కోట నిలిచిన కొండ, లేపాక్షి శిల్పులు ఉలి పెట్టిన రాయి, అన్నీ ఆ జాతివే. ఈ రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్ది కొద్దిగా ఉంటాయి. వాటి నుంచి రేడియేషన్ వస్తూనే ఉంటుంది. ఆకాశం నుంచీ వస్తుంది. తినే తిండిలోనూ ఉంటుంది. దీన్నే సహజ నేపథ్య రేడియేషన్ అంటారు. ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల మోతాదు ఇట్లా అందుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం లెక్క. గ్రానైట్ నేలల్లో ఇది సున్నపురాతి నేలల కంటే ఎక్కువగా ఉంటుంది.

ఇందులో దాచిపెట్టేదీ లేదు, గుండెలు బాదుకునేదీ లేదు. ఆ గుట్టల మధ్యే మన తాతముత్తాతలు బతికారు. వాళ్లను చంపింది కరువు, కలరా, ఆకలి. గుండ్లు కాదు.

కేరళ ఏం చెప్పింది?

రాయి నుంచి, ఇసుక నుంచి నేరుగా ఒంటికి తగిలే రేడియేషన్ గురించి మన దేశంలోనే ఒక పెద్ద పరీక్ష జరిగింది. కేరళలో కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక ఉంది. అందులో థోరియం ఎక్కువ. అక్కడ కొన్నిచోట్ల రేడియేషన్ ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లు. అక్కడి జాలర్లు తరతరాలుగా ఆ ఇసుక మీదే పడుకున్నారు, దాని మీదే పిల్లల్ని ఆడించారు. తిరువనంతపురం రీజినల్ క్యాన్సర్ సెంటర్ 1990లో అక్కడ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టింది. ఇంటింటికీ తిరిగి కొలిచారు. 30 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 69,958 మందిని సగటున పదిన్నర ఏళ్లపాటు గమనించారు. 1,379 క్యాన్సర్లు నమోదయ్యాయి. 2009లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, రేడియేషన్ ఎక్కువున్న ఇళ్లలో క్యాన్సర్లు ఎక్కువున్నట్టు తేలలేదు.

దీన్ని మేం దాచం. మనకు అనుకూలమైన అంకెల్ని పైకెత్తి, కానివాటిని మడిచి పెట్టడం ఉద్యమ ధర్మం కాదు.

అట్లాగని శాస్త్రం తలుపు మూసేసిందని కూడా కాదు. బ్రిటన్‌లో 2013లో వచ్చిన అధ్యయనం సహజ రేడియేషన్‌కూ, పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కూ కొద్దిపాటి సంబంధం కనబడిందని చెప్పింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అణు కార్మికులు మూడు లక్షల మందికి పైగా మీద జరిగిన అధ్యయనం తక్కువ మోతాదుల్లోనూ కొంత ముప్పు ఉందని 2015లోనూ, 2023లోనూ చెప్పింది. ముప్పు చిన్నది, తేల్చడం కష్టం, వాదన సాగుతోంది. నిజాయితీగా చెప్పాల్సింది ఇంతే.

కాని కేరళ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ ‘ఇసుక స్వభావం’ అని చెప్పి ఇంటికి పోలేదు. కొలిచారు. ఏళ్ల తరబడి కొలిచారు. ఫలితం ప్రపంచం ముందు పెట్టారు. ఇవ్వాళ కరునాగపల్లి జాలరికి భయపడనక్కర్లేదని చెప్పగలుగుతున్నారంటే దాని వెనుక లెక్క ఉంది. మన ఆమడగూరు రైతుకు ‘ఏం కాదులే’ అంటున్నవాళ్ల వెనుక ఏ లెక్క ఉంది?

ఇంట్లోకి వచ్చే వాయువు, ఒంట్లోకి పోయే నీళ్లు

రాతిలోని యురేనియం కాలక్రమంలో రేడియంగా, రేడియం నుంచి రేడాన్ అనే వాయువుగా మారుతుంది. సహజ రేడియేషన్‌లో సుమారు సగం వాటా దీనిదే. రంగు లేదు, వాసన లేదు. నేల పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగ తాగడం తర్వాత పెద్ద కారణాల్లో ఇది ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇళ్లలో ఘనపు మీటరుకు 100 బెకరెల్స్ దాటకుండా చూసుకోవాలని 2009లో సూచించింది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు రేడాన్ ముప్పు తాగనివాళ్లకంటే 25 రెట్లు ఎక్కువంటుంది. మన పాత ఇళ్లలో కిటికీలు, తలుపులు తెరిచే ఉంటాయి కాబట్టి గాలాడితే ఇది పలచబడిపోతుంది. ఖర్చు లేని మందు ఇది. కిటికీ తెరవండి, బీడీ ఆర్పండి. ఈ రెండు మాటలు ఊరూరా చెప్పడానికి ఏ కోట్ల ప్రాజెక్టూ అక్కర్లేదు.

నీళ్ల సంగతి వేరు. రాయి పక్కన నిలబడడం ఒకటి, రాతిని కరిగించుకున్న నీళ్లను రోజుకు మూడు నాలుగు లీటర్లు, పుట్టినప్పటి నుంచి తాగడం ఇంకొకటి. ఎండలో పనిచేసే సీమ కూలి బెంగుళూరు ఆఫీసులో కూర్చునేవాడి కంటే రెట్టింపు నీళ్లు తాగుతాడు. ఎంత విషం ఒంట్లోకి పోతుందన్నది నీటిలో ఎంతుందన్నదాని మీదే కాదు, ఎన్ని చెంబులు తాగాడన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

రెండు గీతల బండారం

ఇక్కడే అసలు కిటుకు ఉంది. విద్యార్థి మిత్రులు జాగ్రత్తగా గమనించాలి.

తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో గీత గీసింది. ఒక గ్రామును 33 వేల ముక్కలు చేస్తే ఒక ముక్క అంత! కేంద్ర భూగర్భ జలమండలి కూడా 30నే హద్దుగా తీసుకుని నీళ్లను చూసింది. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి గీత మాత్రం 60 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. ఎందుకీ తేడా? 60 గీత రేడియేషన్‌ను చూసి గీసింది. 30 గీత మూత్రపిండాన్ని చూసి గీసింది.

మళ్లీ చదవండి. నీటిలోని సహజ యురేనియం రేడియేషన్‌గా చేసే హాని కంటే ముందు, లోహ విషంగా మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. సీసం ఎట్లా విషమో ఇదీ అట్లాంటిదే. రక్తాన్ని వడకట్టే మూత్రపిండంలోని సన్నటి గొట్టాల మీద దీని ప్రభావం పడుతుంది. కాబట్టి ‘రేడియేషన్ పరిమితిలోనే ఉంది, భయపడొద్దు’ అని ఎవరైనా చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కాని అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. లీటరుకు 45 మైక్రోగ్రాములున్న నీళ్లు ఒక గీత ప్రకారం మంచివి, ఇంకో గీత ప్రకారం చెడ్డవి. ఒకే దేశం, ఒకే బిందె, రెండు తీర్పులు! మనం రేడియేషన్ గురించి అరుస్తూ ఉంటే వాళ్లకే సులువు. రేడియేషన్ మీటరు తెచ్చి చూపించి చేతులు దులుపుకుని పోతారు. అందుకే అడగాల్సింది మీటరు రీడింగు కాదు, లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో చెప్పమని.

ఇదేదో మేం ఊహించి రాస్తున్నది కాదు. కేంద్ర భూగర్భ జలమండలి దేశమంతా 14,377 నమూనాలు తీసి 2020లో ఇచ్చిన నివేదికలో, 18 రాష్ట్రాల్లో 151 జిల్లాల్లో కొన్నిచోట్ల యురేనియం 30 మైక్రోగ్రాములు దాటిందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కాని జిల్లాకు కొన్ని బావులు చూస్తే రాష్ట్రం పటం తయారవుతుంది. ఒక ఊరి బోరు మంచిదో చెడ్డదో తెలియదు. గ్రానైట్ పగుళ్లలో నీళ్లు ఎట్లా ఉంటాయంటే ఒక బోరులో బాగుండి, రెండు వందల గజాల అవతల ఇంకో బోరులో పాడై ఉంటాయి. సగటు అంకె సచివాలయానికి పనికొస్తుంది. తాగేవాడికి తన బోరు అంకె కావాలి.

రాయి సహజం. మరి బోరు?

‘సహజం’ అనే మాటను ఇప్పుడు పట్టుకుందాం. రాతిలో యురేనియం, ఫ్లోరైడ్ ఉండడం సహజమే. ఒప్పుకుంటాం. అవి మన బిందెలోకి రావడం సహజమా?

మన పెద్దలు తాగింది చెరువు నీళ్లు, చెలమ నీళ్లు, ముప్పై నలభై అడుగుల దిగుడుబావి నీళ్లు. వాన నీరు నేలలోకి ఇంకి, ఎక్కువ కాలం రాతితో కాపురం చేయకుండానే పైకి వచ్చేది. విజయనగర కాలంలోనే బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు కట్టిన గడ్డ ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట నీటిని పైన ఆపుకోకపోతే బతకలేమని ఆ రాజులకు తెలుసు. మన మంత్రులకు తెలియలేదు. చెరువులకు నీళ్లు తెచ్చే వంకలు పూడిపోయాయి, ఆక్రమణలు పెరిగాయి. చిత్రావతి ఇసుకను లారీలకెత్తారు. ఊట పోయింది, చెలమ పోయింది, బావి పోయింది. రైతు బోరు వేశాడు. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఆరు వందలు, వెయ్యి! అప్పు చేసి, పుస్తెలు కుదువపెట్టి, రాతి గుండెల్లోకి పోయాడు. అక్కడ ఏళ్ల తరబడి రాతిని నానబెట్టుకుని కూర్చున్న నీళ్లున్నాయి. వాటిలో బైకార్బొనేట్ ఎక్కువ. అది యురేనియాన్ని పట్టుకుని నీళ్లలో కలిపి ఉంచుతుంది. కాల్షియం తక్కువున్నచోట ఫ్లోరైడ్ కూడా రాతి నుంచి కరిగి దిగుతుంది. నీటిమట్టం పడిపోయి గాలి తగిలితే, ఎరువుల నుంచి, పేడకుప్పల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి నైట్రేట్ దిగితే యురేనియం ఇంకా సులువుగా కదులుతుంది. నైట్రేట్‌కూ యురేనియానికీ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చూపించారు. మన దేశంలో రాజస్థాన్, గుజరాత్ బావుల్ని చూసిన డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఇదే చెప్పారు. రాతి స్వభావానికి భూగర్భ జలాల తోడివేత, నైట్రేట్ కాలుష్యం తోడైతే సమస్య ముదురుతుందని.

అంటే ఏమిటి? రాయి దేవుడిచ్చింది. బోరు ప్రభుత్వం ఇచ్చింది. పైన నీళ్లు లేకుండా చేసినవాళ్లే మనల్ని కిందికి తోశారు. కిందికి పోయి విషం తెచ్చుకుంటే ‘సహజం’ అంటున్నారు. నీళ్లు లేని బావిలోకి మనిషిని తోసి, భూమ్యాకర్షణ శక్తి సహజం అన్నట్టుంది వీళ్ల వరస!

1937 రెండు సంగతులు

1937వ సంవత్సరాన్ని సీమలో అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ ఏడాది నవంబరు 16న శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో రాయలసీమకు ముందు పీట వేస్తామని పెద్దమనుషులు సంతకాలు చేశారు. అదే 1937లో ఇంకో సంగతి జరిగింది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో కీళ్లు బిగుసుకుపోయి, నడుములు వంగిపోయిన మనుషుల్ని వైద్యులు పరీక్షించి, ఇది తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన జబ్బని వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి నివేదికల్లో అది ఒకటి.

మందు ఏమిటో ఆ ఏడాదే తెలుసు, జబ్బు ఏమిటో ఆ ఏడాదే తెలుసు. మందు నదుల నీళ్లు. జబ్బు బావి నీళ్లు. దగ్గర దగ్గర 90 ఏళ్లు గడిచాయి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని పుస్తకాల్లో రాసుకున్నారు. మన పిల్లల పళ్ల మీద గార మాత్రం అట్లాగే ఉంది. ఫ్లోరైడ్ కంటికి కనబడే జబ్బు. పళ్ల మీద రాసి ఉంటుంది. దానికే ఇంత కాలం పడితే, కంటికి కనబడకుండా మూత్రపిండం మీద పనిచేసే యురేనియం గురించి వీళ్లు ఎప్పుడు కదులుతారు?

టన్నుల లెక్క ఉంది, మైక్రోగ్రాముల లెక్క లేదు

పక్క జిల్లా తుమ్మలపల్లె పేరు వినని సీమ బిడ్డ ఉండడు. కడప జిల్లా వేముల మండలంలో యురేనియం గని. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు, 2007లో శంకుస్థాపన చేశారు, 2012 నాటికి ప్లాంటు నడిపారు. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు అక్కడ 49 వేల టన్నుల నిల్వ తేలిందని, అది లక్షన్నర టన్నుల దాకా పోవచ్చని దేశానికి సంతోషంగా ప్రకటించారు. రాతిలో వీసమెత్తు యురేనియం ఎక్కడుందో వందల అడుగుల లోతు దాకా డ్రిల్లు దించి, నమూనాలు తీసి, లెక్కగట్టారు. సర్కారుకు కావాలనుకుంటే సీమ రాతి కడుపులో ఏముందో కచ్చితంగా చెప్పగలదన్నమాట!

మరి అదే సర్కారు సీమ ఆడబిడ్డ నెత్తిన మోసే బిందెలో ఎన్ని మైక్రోగ్రాములుందో ఊరి గోడ మీద ఎందుకు రాయదు? అమ్ముకునే యురేనియానికి టన్నుల లెక్క. తాగే యురేనియానికి లెక్క లేదు. ఇదే మేం అడుగుతున్నది.

తుమ్మలపల్లె చుట్టూ కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు తమ బోరునీళ్లు మారిపోయాయని, తోటలు ఎండిపోతున్నాయని మొత్తుకుంటే అక్కడా మొదటి జవాబు ‘సహజం’ అనే వచ్చింది. 2018లో కాలుష్య నియంత్రణ మండలి వ్యర్థాల చెరువు విషయంలో యురేనియం సంస్థకు నోటీసు ఇచ్చేదాకా ఆ రైతుల మాట వినడానికే ఎవరూ సిద్ధపడలేదు. గని పెట్టకముందు ప్రతి బోరు నీటినీ కొలిచి, ఆ పట్టీ రైతు చేతిలో పెట్టి ఉంటే ఇవ్వాళ వాదన ఒక్క నిమిషంలో తేలిపోయేది. ముందు కొలవకపోతే లాభం ఎవరికి? కొలవనివాడికే! అందుకే ముందు కొలతలు లేని చోట డ్రిల్లు దించనివ్వకూడదు. 2019లో నల్లమల కోసం తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల జనం రోడ్డెక్కితే ప్రభుత్వం తవ్వకాల ప్రయత్నాన్ని ఆపింది. జనం కదిలితేనే ఫైలు కదులుతుంది.

క్యాన్ నీళ్లతో సరిపెట్టుకోమంటారా?

‘ఆర్వో ప్లాంటు పెట్టించాం కదా’ అంటారు. నిజమే. సరిగ్గా నడిచే ఆర్వో ఫ్లోరైడ్‌ను, యురేనియాన్ని చాలావరకు వడకడుతుంది. కాని మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో ఎవరు చూస్తున్నారు? అమ్మేవాడు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తాడు. నీటిలో మొత్తం లవణాలెంతో ఆ మీటరు చెబుతుంది, యురేనియం ఎంతో చెప్పదు. వడకట్టగా మిగిలిన విషపు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? పక్క కాలువలోకి. అక్కడి నుంచి మళ్లీ నేలలోకి. పైగా డబ్బున్నవాడు క్యాన్ కొంటాడు, లేనివాడు బోరే తాగుతాడు. క్యాన్ కొన్నవాడి ఇంట్లోనూ అన్నం, పప్పు ఉడికేది చాలాచోట్ల బోరునీళ్లతోనే. కాచి తాగితే పోతుందనుకుంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, యురేనియం చావవు. నీళ్లు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడతాయి.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలన్నారు. మంచి ఆలోచన. కాని చేతికిచ్చిన కిట్టు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము లాంటివి చూస్తుంది, యురేనియం చూడదు. దానికి ల్యాబులో ప్రత్యేక పరికరం కావాలి. చంద్రుడి మీద నీళ్లు వెతికిన దేశానికి జిల్లా ల్యాబులో ఒక పరికరం పెట్టడం కష్టమా?

పుట్టపర్తే దారి చూపింది

ఇది అసాధ్యమని ఎవరన్నా అంటే పుట్టపర్తి వైపు వేలు చూపించండి. అనంతపురం జిల్లాలో తాగునీటి కోసం సత్యసాయి ట్రస్టు 1995లో పని మొదలుపెట్టి, సుమారు ఏడాదిన్నరలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు చేర్చింది. 1997లో పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించింది. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. భక్తి ఉన్నవాళ్లకు అది దేవుడి మహిమ కావచ్చు. మాకు కనబడేది ఇంకొకటి. రిజర్వాయరు నీళ్లు, పైపు, పంపు, పట్టుదల ఉంటే ఏడాదిన్నరలో పని అవుతుంది! ఒక ట్రస్టు చేయగలిగిన పని ఇన్ని దశాబ్దాలుగా సర్కార్లు ఎందుకు పూర్తి చేయలేదు? చేతికిచ్చిన పథకాన్నైనా ప్రతి ఊరికీ, ప్రతి రోజూ నీళ్లందేలా ఎందుకు నడపలేకపోతున్నారు?

గొల్లపల్లి రిజర్వాయరుకు 2016లో హంద్రీ-నీవా నీళ్లొచ్చాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఆ నీళ్లిచ్చారు. ఫ్యాక్టరీ రావడం మాకిష్టమే, మన పిల్లలకు పనులు కావాలి. కాని కృష్ణ నీళ్లు కొండలెక్కి కారు దగ్గరికి రాగలిగినప్పుడు, కూతవేటు దూరంలోని పల్లెకు రాలేవా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. అక్కడ మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఎన్ని అధ్యయనాలు జరిగినా ఇంకా తేలలేదు. ఆ జబ్బును ఇక్కడి నీళ్లకు ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. చెప్పదలచుకున్నది ఒకటే. కారణం తేలేదాకా ఆగకుండా హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి 2023 డిసెంబరులో ఆ పథకాన్ని ప్రారంభించారు. దానికోసం అక్కడి జనం ఏళ్ల తరబడి పోరాడారు. శాస్త్రవేత్తల వాదన సాగనివ్వండి. ఈలోగా మనిషి మంచినీళ్లు తాగాలి. నది నీళ్లు శుద్ధి చేసి ఇస్తే ఫ్లోరైడ్, యురేనియం, నైట్రేట్... మూడు తగాదాలూ ఒక్క పైపుతో తీరుతాయి.

మనం అడగాల్సింది

అందుకే మేం సూటిగా డిమాండ్ చేస్తున్నాం.

ఒకటి. శ్రీ సత్యసాయి, అనంతపురం జిల్లాల్లో తాగడానికి వాడే ప్రతి బోరు నీటిలో ఫ్లోరైడ్, నైట్రేట్, యురేనియం కొలవాలి. వానలకు ముందోసారి, తర్వాతోసారి.

రెండు. ఆ అంకెల్ని తెలుగులో, తేదీతో సహా పంచాయతీ గోడ మీద, బడి గోడ మీద, బోరు పక్కన రాయాలి. ఇంగ్లీషు నివేదికలో దాచిపెట్టొద్దు.

మూడు. యురేనియానికి ఒక్కటే గీత ఉండాలి. అది మూత్రపిండాన్ని కాపాడే 30 గీత కావాలి.

నాలుగు. గీత దాటిన ఊళ్లకు ముందు ట్యాంకర్లతో, ఆ తర్వాత పైపుతో రిజర్వాయరు నీళ్లివ్వాలి. సత్యసాయి పథకాన్ని అన్ని పల్లెలకూ విస్తరించాలి.

ఐదు. ఆ ఊళ్లలో పళ్లు, ఎముకలు, మూత్రపిండాల పరీక్షలు ఉచితంగా చేసి, కరునాగపల్లిలో లాగా ఏళ్ల తరబడి రిజిస్టరు నడపాలి.

ఆరు. వంకలు తవ్వి, ఆక్రమణలు తొలగించి, చెరువులకు నీళ్లు మళ్లించాలి.

ఇక మన పని. విద్యార్థులారా, మీ కాలేజీ రసాయన శాస్త్రం ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయడం పెద్ద విద్య కాదు. సెలవులకు ఊరికి పోయినప్పుడు సీసాలో నీళ్లు తెండి, కొలవండి, అంకె ఊర్లో చెప్పండి. ఉద్యోగులారా, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. పది రూపాయల దరఖాస్తుతో మీ మండలం బోర్ల నీటి పరీక్ష నివేదికలు అడగండి. ఇస్తే చదివి వినిపించండి. ‘లేవు’ అని జవాబొస్తే ఆ కాగితాన్నే జిరాక్సు తీసి ఊరూరా పంచండి. కొలవలేదని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం కంటే పెద్ద ఆయుధం ఇంకేముంటుంది?

రాళ్లకు మేం భయపడం. ఆ రాళ్ల మధ్యే పుట్టాం, ఆ రాళ్ల మధ్యే బతుకుతాం. రాతిని ఎవరూ మార్చనక్కర్లేదు. నీళ్లు మార్చమంటున్నాం. ఇకమీద ఏ అధికారి అయినా మీ ఊరికొచ్చి ‘ఇది సహజం’ అంటే కోప్పడకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీ బోరు నీళ్లు గ్లాసులో పోసి ముందు పెట్టండి. లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో చెప్పి తాగమనండి!